రెండు ఓడలు, రెండు చావులు

కిందటి నెల ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. నర్సింగ్ పాసై, రాయపూర్ శంకర్ నగర్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో టూర్ నర్సులుగా చేరబోతున్నారు. “ఆంటీ, మీరు ఓడల్లో కూడా తిరిగారట కదా, మాక్కొంచెం చెప్పండి” అన్నారు. నేను మందుల పెట్టె ఎలా సర్దుకోవాలో మొదలుపెట్టాను. కాసేపటికి వాళ్ళ ముఖాలు చూస్తే అర్థమైంది, వాళ్ళడిగింది అది కాదు. ఓడలో స్విమ్మింగ్ పూల్ ఎంతుంటుంది, డాన్సులుంటాయా, స్టాఫ్‌ని కూడా రానిస్తారా, అదీ వాళ్ళకి కావలసింది. తప్పు లేదు, చిన్నపిల్లలు. టీ ఇచ్చి, తెలిసింది చెప్పి పంపించాను.

చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఈ ఉద్యోగంలో ఊళ్ళు చూస్తారు, నిజమే. కానీ మిమ్మల్ని జీతమిచ్చి పెట్టుకునేది అందుకు కాదు. మీరు తీసుకెళ్ళే పార్టీలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే పక్కన ఉండటానికి. బస్సయితే ఆపమనొచ్చు, రైలయితే వచ్చే స్టేషన్‌లో దింపొచ్చు. ఓడ మీద ఆ వీలు లేదు. పెట్టెలో ఏముంటే అదే మందు, పక్కన ఎవరుంటే వాళ్ళే దిక్కు.

నా సర్వీసులో ఓడల మీద ఇద్దరు పోయారు. మొదటావిడ పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో, రెండో ఆయన తొంభైల చివర్లో. ఈ మధ్యలో ఓడలు మారాయి, ఎక్కేవాళ్ళు మారారు. ఏం మారిందని ఎవరైనా అడిగితే నాకు ఆ ఇద్దరే గుర్తొస్తారు.

సేఠ్‌జీ

మా నాన్న భీమిలి నుంచి రైల్వేలో ఫిట్టర్‌గా రాయపూర్ వచ్చాడు. మేము చర్చికి వెళ్ళే కుటుంబం. మా రైల్వే కాలనీలో చదువుకున్న ఆడపిల్లకి టీచరు ఉద్యోగం, లేకపోతే నర్సు ఉద్యోగం. నాకు రక్తం చూస్తే భయం లేదు కాబట్టి నర్సునయ్యాను.

ఆసుపత్రిలో కొన్నేళ్ళు చేశాక కాంతిలాల్ సేఠ్ వచ్చి అడిగారు. ఆయన ముసలివాళ్ళని పార్టీలుగా కట్టి పూరీ, రామేశ్వరం, బద్రీనాథ్ తిప్పేవారు. ఒకసారి కొండదారిలో బస్సులోనే ఒకాయన పోయాడు. పోయాడా, స్పృహ తప్పాడా అని చెప్పగలిగినవాడు కూడా బస్సులో లేడు. ఆ తర్వాత సేఠ్‌జీ నర్సు కోసం వెతకడం మొదలుపెట్టారు. “సిస్టర్, జీతం ఇక్కడికంటే ఎక్కువిస్తాను. నా పార్టీని వదలకుండా ఉండాలి, అంతే” అన్నారు.

ఆయన దేవుడేమీ కాదు. వంటవాళ్ళతో గొడవ, డ్రైవర్లతో గొడవ. కానీ ప్రయాణం నుంచి తిరిగొచ్చిన రోజు స్టేషన్‌కి స్వయంగా వచ్చి నిలబడేవారు. మనుషులు దిగుతుంటే ఒక్కొక్కరి ముఖం చూసేవారు. అందరూ దిగాకే టీ తాగేవారు.

ముసలివాళ్ళు జబ్బులు దాస్తారు. చెబితే ఎక్కడ వద్దంటారోనని. మీరు నోటిని నమ్మకండి, పాదాలు చూడండి. చెప్పులు బిగిసిపోయి వాపు కనిపిస్తే ఆ మనిషి మీద ఒక కన్నేసి ఉంచండి. మందుల పెట్టె కంటే ముందు బకెట్ ఎక్కడుందో తెలుసుకోండి. ఈ రెండూ ఏ స్కూల్లోనూ నాకు చెప్పలేదు.

ఫూల్‌బాయి

ఒక ఏడు సేఠ్‌జీ ‘కాలాపానీ దర్శన్’ అని కొత్త టూర్ పెట్టారు. విశాఖపట్నం దాకా రైలు, అక్కడి నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడ. రాయపూర్ దగ్గర అభన్‌పూర్ చుట్టుపక్కల పల్లెల నుంచి ముసలి రైతులు, వాళ్ళ ఆడవాళ్ళు పేర్లిచ్చారు. స్వాతంత్ర్యం కోసం అక్కడి జైల్లో పడి చచ్చిపోయినవాళ్ళ గోడలకి దండం పెట్టుకోవాలని వాళ్ళ కోరిక. వాళ్ళలో ఒక్కరు కూడా అంతకుముందు సముద్రం చూడలేదు.

నేను సెలైన్ సీసాలు రెండు పెట్టెలు కావాలన్నాను. అప్పట్లో అవి గాజువి. “బరువు, పైగా దారిలో పగులుతాయి సిస్టర్. ఓడలో డాక్టరు ఉంటాడు కదా” అని సేఠ్‌జీ ఒక పెట్టే ఇచ్చారు.

మాకు దొరికింది ఓడ అడుగున, అల్మారా అరల్లాగా ఒకదానిపై ఒకటి పడకలు ఉన్న హాలు. గాలి లేదు. ఓడ హార్బరు దాటీ దాటగానే వాంతులు మొదలయ్యాయి. మర్నాటికి ఆ హాల్లో నేల మీద అడుగు పెట్టడానికి లేదు. పై డెక్ మీద ఇంత నీడ దొరికితే అదే స్వర్గం. మా పక్కన పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళు, బెంగాలీలు, కూలిపనికి వెళ్ళే రాంచీ వైపు మనుషులు ఉన్నారు.

ఫూల్‌బాయి అనే ఆవిడకి వాంతులతో పాటు విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు కూడా నిలవలేదు. భర్త దుకాలూ రామ్ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఓడ డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయనే తల తిరిగి మంచం దిగలేని స్థితిలో ఉన్నాడు. పడుకునే చేత్తో అల్మారా చూపించి, “ఉన్నది తీసుకెళ్ళండి సిస్టర్” అన్నాడు. అందులో పిండికట్టు సామాను, అయొడిన్, తలనొప్పి బిళ్ళలు ఉన్నాయి. సెలైన్ లేదు. నా పెట్టె ఖాళీ అయిపోయింది. మధ్యాహ్నానికి ఆమె పోయింది. సెలైన్ ఉంటే బతికేది. ఇది నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

పోర్ట్‌బ్లెయిర్ దాకా ఉంచమని కెప్టెన్ని బతిమాలాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, “చల్లటి గది లేదు సిస్టర్. ఈ ఎండలో ఇంకా ఒకటిన్నర రోజు ఉంచితే ఆమెకే అవమానం” అన్నాడు. నిజమే. సముద్రంలోనే వదలాలన్న మాట దుకాలూకి నేనే చెప్పాలి. అతను అర్థం కానట్టు విన్నాడు. “నీళ్ళలోనా?” అని ఒక్కటే అడిగాడు.

ఆ తర్వాత జరిగింది మర్చిపోలేను. ఎవరూ పిలవకుండానే డెక్ మీద ఉన్నవాళ్ళంతా లేచి వచ్చారు. బెంగాలీ ఆవిడ ఒకామె పెట్టెలోంచి కొత్త చీర తీసి ఇచ్చింది. మన తెలుగువాళ్ళు పసుపు, కుంకుమ తెచ్చారు. రాంచీ కూలీలు గుడ్డ కుట్టారు, ఇనప ముక్కలు కట్టారు. వంటింట్లో పొయ్యి ఆర్పేశారు. కెప్టెన్ టోపీ తీసి చేత పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఇంజను ఆపించాడు. అంతసేపూ హోరుమంటున్న ఓడ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతే చిన్నపిల్లలు కూడా ఏడుపు ఆపారు. ఆమెని పడుకోబెట్టిన పలక ఒక పక్కకి ఎత్తారు.

దుకాలూ కమ్మీ పట్టుకుని చాలాసేపు నీళ్ళ వైపు చూశాడు. “ఓలా ఆగీ నఈ మిలిస్” అన్నాడు. దానికి నిప్పు దక్కలేదు అని. ఆ తర్వాత, తిరిగి రాయపూర్‌లో దిగేదాకా, అతను ఇంకో మాట మాట్లాడలేదు.

స్టేషన్‌లో సేఠ్‌జీ ముఖాలు చూస్తూ నిలబడ్డారు. నేను ఏమీ దాచకుండా చెప్పేశాను. ఆయన టీ తాగకుండానే వెళ్ళిపోయారు. క్షమించమని ఎవరినీ అడగలేదు. కానీ ఆ తర్వాత నేను అడిగిన మందుకి ఆయన ఎన్నడూ కాదనలేదు.

మారినవి

ఆ రోజుల ఓడలు బాగుండేవని నేను చెప్పడం లేదు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. పాత సంగతులు చెప్పేవాళ్ళు కంపు మర్చిపోతారు. ఆ ఓడ ఒక మనిషిని చంపింది.

తొంభైలు వచ్చేసరికి సేఠ్‌జీ పోయారు. కొడుకు నీలేశ్ ఆఫీసు చూసుకుంటున్నాడు. యాత్రలు తగ్గించి విదేశీ టూర్లు పెట్టాడు. సింగపూర్‌కి విమానంలో వెళ్ళి అక్కడ ఓడ ఎక్కడం, రెండు మూడు రేవులు చూసి మళ్ళీ సింగపూర్‌లో దిగడం. దుకాణదార్లు, కాంట్రాక్టర్లు, రిటైరైన ఆఫీసర్లు వచ్చేవారు. మొదటిసారి ఆ ఓడ చూసి నేను ఓడ అనుకోలేదు, రేవు పక్కన పెద్ద హోటల్ అనుకున్నాను.

లోపల తివాచీలు, లిఫ్టులు, బంగారం కొట్లు. ఓడ కదలడం తెలియదు. వాంతుల బకెట్‌తో పని లేదు. మెడికల్ గదిలో ఉన్న సామాను అప్పటి మా రాయపూర్‌లో ఏ ఆసుపత్రిలోనూ లేదు. డాక్టరు కూడా మంచివాడు. నాకు పని దాదాపు లేకుండా పోయింది, అందుకు సంతోషించాను.

మనుషులు మాత్రం వేరేగా ఉండేవారు. పాత ఓడలో నన్ను అడిగేది “ఎప్పుడు చేరతాం?” అని. కొత్త ఓడలో “తర్వాత ప్రోగ్రాం ఏంటి?” అని. భోజనం, ఆట, పాట, మళ్ళీ భోజనం. పక్క టేబుల్‌లో ఎవరున్నారో తెలియదు, తెలుసుకునే అవసరం రాదు. ఎవరి సరదాకీ అడ్డు రాకుండా చూడటమే అక్కడి సిబ్బంది ఉద్యోగం. ఆ పని వాళ్ళు ఎంత బాగా చేస్తారో నేను కళ్ళారా చూశాను.

గార్డు గారు

జగన్నాథం గారని రాయపూర్‌లో పెద్ద రోడ్డు కాంట్రాక్టరు ఉండేవారు. ఆయన తండ్రి రైల్వే గ్యాంగ్‌మన్. కాలనీలో ఆయనతో కలిసి పెరిగినవాడు సూర్యనారాయణ గారు, రైల్వే గార్డుగా రిటైరయ్యారు. ఒకరికి ఎంత డబ్బొచ్చినా, ఇంకొకరు కాలనీ పక్కన చిన్న ఇంట్లో ఉన్నా, సాయంత్రమైతే ఇద్దరూ ఆ ఇంటి అరుగు మీదే కూర్చునేవారు.

జగన్నాథం గారు తన షష్టిపూర్తి ఓడ మీద చేసుకోవాలనుకున్నారు. హోమం ఇంటికొచ్చాక. సరిగ్గా ఆ రోజున దండలు మార్చుకోవడం, విందు మాత్రం ఓడలో. పది జంటలని తీసుకెళ్ళారు. గార్డు గారిని, ఆయన భార్య అప్పలనర్సమ్మ గారిని తన ఖర్చుతో బలవంతంగా బయల్దేరదీశారు.

ఓడ ఎక్కిన సాయంత్రం అందరూ లోపల మ్యాజిక్ షోలో ఉంటే గార్డు గారొక్కరే బయట కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. నన్ను చూసి, “ఏటి సిస్టర్, ఇంత ఖర్చెట్టి సముద్రం మీదికొచ్చి ఒక్కడూ సముద్రం చూడడేటి?” అని నవ్వారు. నేను అలవాటు కొద్దీ ఆయన పాదాలు చూశాను. వాపేమీ లేదు.

మర్నాడు ఉదయం టిఫిన్ చేసి గదికి వస్తూనే గుండె పట్టుకుని కూలబడ్డారు. డాక్టరు క్షణాల్లో వచ్చాడు. గుండెకి కరెంటు షాకులు ఇచ్చాడు, సూదులు ఇచ్చాడు, చెమటలు కక్కుతూ ఛాతీ నొక్కాడు. నేనూ నొక్కాను. చేయవలసింది ఏదీ మిగల్లేదు. ఆయన పోయారు.

అప్పలనర్సమ్మ గారు మెడికల్ గది మూలన కుర్చీలో కూర్చున్నారు. ఏడవలేదు. ఆయన కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడిచి తన సంచిలో పెట్టుకున్నారు.

ఇంతలో ప్రయాణికుల బాగోగులు చూసే ఆఫీసరమ్మాయి వచ్చింది. చాలా మెత్తగా మాట్లాడింది. కింద చల్లటి గది ఉందనీ, సింగపూర్ చేరేదాకా భద్రంగా ఉంచుతామనీ చెప్పింది. “మిగతా గెస్టులకి ఇప్పుడే తెలియకపోతే మంచిది. సెలవుల్లో వచ్చినవాళ్ళు, బాధపడతారు” అంది.

నాకు ఒళ్ళు మండింది. “వీళ్ళు గెస్టులు కారు, ఈయన స్నేహితులు. నేను చెప్పి తీరతాను” అన్నాను. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను.

“సుగుణమ్మా” అని వెనక నుంచి అప్పలనర్సమ్మ గారి పిలుపు. “జగన్నాథానికి చెప్పడానికేనా?”

“చెప్పాలి కదండీ.”

“చెప్పకు.”

నేను వెనక్కి వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. “ఎలా దాస్తామండీ? ఎందుకు దాయాలి?”

“ఈరోజు సాయంత్రం వాళ్ళు దండలు మార్చుకోవాలి. శుభమా అని తీసుకొచ్చాడు. ఇప్పుడు నేనెళ్ళి చావు కబురు చెప్పనా? ఇంక ఎప్పుడు తన షష్టిపూర్తి తలుచుకున్నా ఈ శవమే గుర్తు రావాలా అతనికి?”

“ఆయన అలా అనుకోరండీ. ప్రాణస్నేహితుడు.”

“అందుకే చెప్పొద్దంటన్నాను. సింగపూర్‌లో దిగాక చెబుదాం. నా మాట విను.”

ఆఫీసరమ్మాయికి భాష తెలియకపోయినా సంగతి అర్థమైంది. నా చేత ఇంగ్లీషులో చెప్పించుకుని, “మేడమ్ చాలా గొప్పవారు” అంది. మేము గదికి వెళ్ళేసరికి టేబుల్ మీద పళ్ళబుట్ట ఉంది, ఎర్ర రిబ్బను కట్టి.

నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటుంది. రోగి పోయాక మన రోగి వాళ్ళింటి మనిషే. ఆవిడ మాట కాదనడానికి నాకు హక్కు లేదనుకున్నాను. సాయంత్రం ఆమెకి చీర కుచ్చిళ్ళు సర్దాను.

విందు

పెద్ద గుండ్రటి బల్ల. జగన్నాథం గారు, ఆయన భార్య పార్వతి గారు దండలతో నిలబడ్డారు. ఓడ బ్యాండువాళ్ళు వచ్చి పాడారు. తెలియనివాళ్ళంతా పక్క బల్లల నుంచి చప్పట్లు కొట్టారు. అప్పలనర్సమ్మ గారు పట్టుచీరలో, నుదుట పెద్ద బొట్టుతో, నా పక్కన కూర్చున్నారు. ఆమెకి అటుపక్క కుర్చీ ఖాళీ.

“గార్డు ఏడీ?” అన్నారు జగన్నాథం గారు.

“పొట్ట బాగోలేదు. పడుకున్నారు.”

“నేనప్పుడే అన్నాను, ఆ ఫారిన్ తిండి వాడికి పడదని. ఉండు, కేకు పట్టుకెళ్ళి ఒక ముక్క నోట్లో కుక్కి వస్తాను” అని ప్లేటు పట్టుకుని లేచారు.

ఆమె చెయ్యి బల్ల కింద నా మణికట్టుని పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది.

“లేపొద్దండీ” అన్నాను నేను. “డాక్టరు ఇప్పుడే చూశారు. నిద్ర కావాలన్నారు.”

“ఏం నిద్ర సిస్టర్, ఇలాంటి రోజున!” అని ఆయన సగం దూరం వెళ్ళారు. బ్యాండువాళ్ళు మళ్ళీ పాట ఎత్తుకోవడంతో ఎవరో ఆయన్ని వెనక్కి లాగారు. ఆయన ప్లేటులో ముక్క అప్పలనర్సమ్మ గారి నోటికి అందించారు. “వాడి వంతు కూడా నువ్వే తిను” అన్నారు. ఆమె తిన్నారు. పార్వతి గారు ఓడవాళ్ళిచ్చిన పువ్వు ఒకటి తీసి ఆమె జడలో పెట్టారు. అదే సమయంలో ఓడ ఫోటోగ్రాఫర్ వచ్చి నవ్వమన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వారు.

మర్నాడు ఓడ ఒక రేవులో ఆగింది. అందరూ షాపింగ్‌కి దిగారు. అప్పుడు ఆమెని నేను కిందికి తీసుకెళ్ళాను. సిబ్బంది వాడే లిఫ్టులో దిగితే తివాచీ అయిపోయి ఇనప నేల వచ్చింది. ఒక పక్క కూరగాయల బస్తాలు, ఒక పక్క ఉతకాల్సిన దుప్పట్ల గుట్టలు. ఆ వరసలోనే ఒక తలుపు తీశారు. ఆమె ఆయన చొక్కా కాలరు సరిచేశారు. “ఇంక పద” అన్నారు. అంతే.

దిగాక

సింగపూర్ రేవులో సామాన్ల దగ్గర జగన్నాథం గారికి నేనే చెప్పాను. ఆయన సూట్‌కేసు మీద కూలబడిపోయారు. “రెండు రోజులా? రెండు రోజుల నుంచా?” అని అదే మాట అన్నారు. మిగతావాళ్ళు చుట్టూ చేరారు. పార్వతి గారు కళ్ళు ఒత్తుకుంటూ పక్కావిడతో, “పోనీలే, కార్యక్రమం నిర్విఘ్నంగా అయిపోయింది, అదే పదివేలు” అన్నారు. మెల్లగానే అన్నారు. అప్పలనర్సమ్మ గారు రెండడుగుల దూరంలో ఉన్నారు.

శవంతో నేను, ఆమె, జగన్నాథం గారు వెనక ఉండిపోయాం. మిగిలినవాళ్ళ విమానం టికెట్లు ఆ రోజువే, వెళ్ళిపోయారు. కలకత్తా మీదుగా రాయపూర్ చేర్చాం. శ్రీకాకుళం నుంచి గార్డు గారి తమ్ముడు వచ్చి తలకొరివి పెట్టాడు. గార్డు గారికి పిల్లల్లేరు.

పదో రోజు నేను వెళ్ళేసరికి ఇంటి నిండా చుట్టాలు. గార్డు గారి తమ్ముడి భార్య చేతిలో ఒక ఫోటో ఉంది. ఓడలో ఫోటోలు అమ్ముతారు, పార్వతి గారు కొని తెచ్చి అందరికీ చూపించారు, అది ఎలాగో ఈవిడ దాకా వచ్చింది. పువ్వు, బొట్టు, పట్టుచీర, నవ్వు, ఎదురుగా కేకు.

“చూడండమ్మా, మా బావగారు ఐసు గదిలో ఉంటే ఈవిడ సింగారించుకుని విందు తింటంది. ఇది మనిషేనా?”

అప్పలనర్సమ్మ గారు గోడకి ఆనుకుని నేల చూస్తున్నారు.

నేను ఆగలేకపోయాను. “నేను పక్కనే ఉన్నానమ్మా. ఎదుటివాళ్ళ శుభకార్యం చెడకూడదని ఆమె తన ఏడుపు మింగేశారు. మనలో ఎవరం చెయ్యగలం అది?” అన్నాను.

“మీకు మైల లేదు, దినం లేదు. మా ఆచారాలు మీకేం తెలుసు సిస్టర్?” అంది ఆవిడ.

నేను జగన్నాథం గారి వైపు చూశాను. ఆయన గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నారు. ఆయన ఒక్క మాట అంటే చాలు. ‘నా కోసం చేసింది’ అంటే ఆ గదిలో ఎదురు చెప్పేవాళ్ళు లేరు. ఆయన తల వంచుకుని తువ్వాలు మడత పెట్టుకుంటూ కూర్చున్నారు. కాసేపటికి లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ ఇంటికి రాలేదు. సిగ్గుపడ్డారని కొందరన్నారు. కావచ్చు. ఆ సిగ్గు వల్ల ఆమెకి ఒరిగింది ఏమీ లేదు.

ఆఫీసులో నీలేశ్ నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. “దీదీ, కమాల్ కర్ దియా ఆప్‌నే, అద్భుతం చేశారు. ఓడ కంపెనీవాళ్ళు మెచ్చుకున్నారు. ఒక్కళ్ళ టూర్ కూడా పాడవలేదు. ఇకమీదట అన్ని టూర్లకీ ఇదే రూల్ పెడుతున్నాను. ఎవరైనా పోతే దిగేదాకా పార్టీకి చెప్పకూడదు. కొత్త నర్సులకి మీరే నేర్పాలి” అన్నాడు.

“ఆవిడ అడిగారు కాబట్టి నేను ఊరుకున్నాను బేటా. నువ్వు అడిగితే ఊరుకోను” అన్నాను.

అతనికి తేడా తెలియలేదు. రెండు మూడు సార్లు విడమరిచి చెప్పాను, తల ఊపాడు, రూల్ మాత్రం మార్చలేదు. ఆ నెలాఖరుకి నేను మానేశాను. అమ్మాయిలూ, మీరు చేరబోయే చోట కూడా ఈ రూల్ ఉంటుంది. పోయినవాళ్ళ మనిషి ఎవరో చూసుకుని, ముందు ఆ మనిషినే అడగండి. చెప్పమంటే ఓడ ఆపించైనా చెప్పండి. వద్దంటే ఆ మనిషి పక్కన కూర్చోండి. ఆఫీసుకి జవాబు తర్వాత చెప్పుకోవచ్చు.

ఆమె చెప్పింది

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం అప్పలనర్సమ్మ గారింటికి వెళ్ళాను. మినప వడియాలు ఎండబెట్టుకుంటున్నారు. చుట్టాల రాకపోకలు తగ్గిపోయాయి. అరుగు ఖాళీ. నన్ను చూసి సంతోషించారు, మజ్జిగ ఇచ్చారు.

నేను మళ్ళీ ఆ సంగతి ఎత్తాను. “వాళ్ళ కోసం అంత చేశారు, ఒక్కరూ మీ వైపు మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ కోపం తగ్గదండీ” అన్నాను.

ఆమె చేతికంటిన పిండి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

“నువ్వు మంచిదానివి సుగుణమ్మా. అందరి ముందూ నా తరఫున మాట్లాడావు. కానీ నీకొకటి చెప్పాలి. నేను జగన్నాథం కోసం చెయ్యలేదు.”

నాకు అర్థం కాలేదు.

“నీతో అలాగ అన్నాను. అంటున్నప్పుడు నిజమే అనుకున్నాను కూడా. కానీ ఆ డాక్టరు చెయ్యి తీసేసి నిలబడ్డాడు చూడు, అప్పుడు నాకొకటి తోచింది. ఈ మాట గది దాటిందంటే నేను ఇంక ముండమోపిని. ఆడవాళ్ళొస్తారు, బొట్టు చూస్తారు, గాజులు చూస్తారు, ఏడవమంటారు. దాటకపోతే నేను గార్డు గారి పెళ్ళాన్నే. వాళ్ళు ‘గార్డు ఏడీ’ అని అడుగుతంటే, ‘పడుకున్నారు’ అని నేను చెబుతంటే, గదిలో నిజంగానే పడుకున్నట్టుండేది. జగన్నాథం కేకు పట్టుకుని బయల్దేరాడు కదా, ఒక్క క్షణం నాకు, వెళ్ళనీ, లేపితే లేస్తారేమో అనిపించింది.”

ఆమె నా మజ్జిగ గ్లాసు తీసి పక్కన పెట్టారు.

“మా తోడికోడలు అన్నది తప్పు కాదు. ఆ ఫోటోలో నేను నిజంగానే నవ్వాను.”

ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్ని చావులు చూశానో, ఎంతమంది భార్యల్ని ఓదార్చానో. వాళ్ళలో ఒక్కరికైనా అలాంటి రెండు రోజులు ఇవ్వొచ్చని నాకు తోచలేదు.

అప్పలనర్సమ్మ గారు ఈ చలికాలంలో పోయారు. అందుకే ఇది రాయగలుగుతున్నాను. బతికుండగా నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం లేచి వచ్చేస్తుంటే ఆమె గుమ్మం దాకా వచ్చి, “ఓడలో ఆ రాత్రి నువ్వు నిద్రకని ఒక బిళ్ళ ఇచ్చావు, గుర్తుందా?” అన్నారు.

“ఇచ్చానండీ. బాగా పట్టిందన్నారు మీరు.”

“అబద్ధమాడాను. వేసుకోలేదు” అన్నారు. “నిద్రపోతే ఆ రెండు రోజుల్లో సగం పోయేది.”